కంచె దాటిన పిల్లవాడు, ప్రాణం పోయిన గొరిల్లా: తప్పు ఎవరి ఖాతాలో రాయాలి?

ఆ కంచె ఎత్తు 3 అడుగులు. దాని వెనక 4 అడుగుల మేర పొదలు. పొదలు దాటితే నిట్టనిలువుగా 15 అడుగుల గోడ, గోడ కింద కందకం, కందకంలో పెద్దవాళ్లకైతే మోకాళ్లు కూడా తడవనన్ని నీళ్లు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి జూలో గొరిల్లాలకీ జనానికీ మధ్య 2016 మే 28 దాకా ఉన్న అడ్డు ఇంతే. ఆ శనివారం మూడేళ్ల పిల్లవాడొకడు ఆ కంచె ఎక్కి, పొదల్లోంచి పాకి, కందకంలో పడ్డాడు.

లోపల మూడు గొరిల్లాలున్నాయి. కీపర్లు పిలవగానే ఆడవి రెండూ లోపలి గదుల్లోకి వెళ్లిపోయాయి. మగది వెళ్లలేదు. దాని పేరు హరాంబే. ముందురోజే దానికి 17 ఏళ్లు నిండాయి. బరువు దాదాపు 200 కిలోలు. అది కందకంలోకి దిగి పిల్లవాడి దగ్గరకొచ్చింది. కాసేపు వాడికి అడ్డం నిలబడినట్టు కనిపించింది, కాసేపు కాలు పట్టుకుని నీళ్లలో బరబరా ఈడ్చుకుపోయింది. పైనుంచి జనం అరుపులు. అవి వినేకొద్దీ అది ఇంకా రెచ్చిపోయింది. సుమారు పది నిమిషాలు గడిచాక జూ సిబ్బంది ఒకే ఒక్క గుండు పేల్చారు. గొరిల్లా అక్కడికక్కడే చనిపోయింది. పిల్లవాడికి ఆస్పత్రిలో చికిత్స చేసి ఆ రాత్రికే ఇంటికి పంపేశారు.

అసలు గోల ఆ తర్వాత మొదలైంది. హరాంబేకి న్యాయం చేయాలంటూ ఆన్‌లైన్లో పెట్టిన ఒక పిటిషన్ మీద దాదాపు 5 లక్షల మంది సంతకాలు చేశారు. అందులో అడిగింది జూని నిలదీయమని కాదు, తల్లిదండ్రుల్ని బాధ్యుల్ని చేయమని. తండ్రి ఆ రోజు జూకే రాలేదు. అయినా కొన్ని పత్రికలు అతని పాత కేసుల చిట్టా తవ్వి బయటపెట్టాయి. వాళ్లది నల్లజాతి కుటుంబం కాకపోయుంటే ఇంత తవ్వకం జరిగేది కాదని అప్పుడే చాలామంది అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఈ గొడవలో మూడు వేరువేరు ప్రశ్నలు కలిసి ఒకే ముద్ద అయిపోయాయి. గొరిల్లాని కాల్చడం సబబేనా? పిల్లవాడు కంచె దాటడం తల్లి తప్పేనా? మూడేళ్ల పిల్లవాడు దాటగలిగే కంచె అసలక్కడ ఎందుకుంది? మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాల్సినవాళ్ల చేతిలో ఉన్నది పది నిమిషాలు. రెండో ప్రశ్న దగ్గర ఉన్నవి కొన్ని సెకన్లు. మూడోదానికి జవాబుదారు దగ్గర 38 ఏళ్లున్నాయి. ఆ గొరిల్లాల ఎన్‌క్లోజర్‌ని తెరిచింది 1978లో మరి. కోపం మాత్రం సెకన్లు మాత్రమే ఉన్న మనిషి మీదే విరుచుకుపడింది. తిరకాసంతా అక్కడే ఉంది.

మత్తు ఇంజెక్షన్ ఎందుకివ్వలేదు?

ఈ ప్రశ్న వేయనివాళ్లు లేరు. సినిమాల్లో మత్తు సూది గుచ్చుకోగానే జంతువు కుప్పకూలుతుంది కదా, దాని ప్రభావం. నిజానికి మందు కండలోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడుకి చేరాలి. దానికి నిమిషాలు పడుతుంది. జంతువు ప్రశాంతంగా ఉంటే ఒక లెక్క, ఉద్రేకంలో ఉంటే ఇంకో లెక్క. ఒంట్లో అడ్రినలిన్ ఉరకలేస్తున్నప్పుడు మత్తు ఎక్కడం ఇంకా ఆలస్యమవుతుంది. పైగా సూది గుచ్చుకున్న నొప్పి ఎవరి వల్ల వచ్చిందో జంతువుకి తెలియదు. ఎదురుగా ఉన్నది పిల్లవాడు. ఒకవేళ మత్తెక్కి పడిపోయినా, 200 కిలోల బరువు నీళ్లలో పిల్లవాడి మీద పడదన్న హామీ ఏమీ లేదు.

మరి గొరిల్లా వాణ్ని కాపాడుతోందేమో కదా అని ఇంకో వాదన. దీనికి మద్దతుగా రెండు పాత సంఘటనలు చూపించారు, రెండూ నిజమైనవే. 1986లో ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ దీవి జూలో ఐదేళ్ల బాబు గొరిల్లాల మధ్యలో పడి స్పృహ తప్పాడు. జాంబో అనే పెద్ద మగ గొరిల్లా వచ్చి, మిగతావాటికి అడ్డంగా నిలబడి, వాడి వీపు నిమిరింది. 1996లో షికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ జూలో మూడేళ్ల బాబు పడితే బింటి జువా అనే ఆడ గొరిల్లా వాణ్ని చేతుల్లోకి ఎత్తుకుని, కీపర్లు వచ్చే తలుపు దగ్గరకి తెచ్చి పడుకోబెట్టింది. అప్పుడు దాని వీపు మీద దాని సొంత పిల్ల కూడా ఉంది.

కళ్లు చెమర్చే సంగతులే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు కనిపిస్తాయి. ఆ రెండుచోట్లా పిల్లలు స్పృహ లేకుండా, కదలకుండా ఉన్నారు. జెర్సీలో బాబుకి తెలివొచ్చి ఏడవడం మొదలుపెట్టగానే జాంబో కంగారుపడి తన గుంపుతో సహా అక్కణ్నుంచి వెళ్లిపోయింది. బింటి జువా మనుషుల చేతుల్లో పెరిగిన ఆడ గొరిల్లా, పిల్లని కీపర్ల దగ్గరకి తేవడం ముందే నేర్పించారు దానికి. హరాంబే అలా కాదు. వయసుకొచ్చిన మగది, వీపు మీద వెండిరంగు వచ్చి గుంపుకి పెద్దరికం చేసే ఈడులో ఉన్నది. ఎదురుగా ఉన్న పిల్లవాడు మెలకువలో ఉన్నాడు, కదులుతున్నాడు. పైన వందల గొంతులు అరుస్తున్నాయి. కోతిజాతుల ప్రవర్తన మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఫ్రాన్స్ డి వాల్ అప్పట్లో చెప్పింది నాకు సబబుగా తోచింది. గొరిల్లా బలం ఎంతటిదంటే, దాని ఉద్దేశం మంచిదే అయినా పిల్లవాడి ప్రాణానికి పూచీ ఉండదు. మనం ఉద్దేశాల గురించి వాదించుకుంటున్నాం, ప్రాణం తీసేది బలం.

జూ డైరెక్టర్ థేన్ మేనార్డ్, మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే నిర్ణయం తీసుకుంటానని చెప్పారు. అక్కడ పనిచేసేవాళ్లకి ఆ గొరిల్లా రోజూ చేత్తో తిండి పెట్టే ప్రాణి. దాన్ని కాల్చిన బాధ పిటిషన్ మీద సంతకం పెట్టినవాళ్లకంటే వాళ్లకే ఎక్కువ ఉంటుంది. ఆ పది నిమిషాల్లో చేయగలిగింది చేశారు. ఆ పది నిమిషాలే రాకుండా చూడాల్సింది ఎవరన్నది వేరే సంగతి.

తల్లి ఏం చేస్తోంది?

ఇక్కడ నా సొంత సంగతొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఒక ఊళ్లో బంధువుల పెళ్లి. ఫంక్షన్ హాల్లో భోజనాల వేళ. మా అబ్బాయికి అప్పుడు మూడేళ్లు, వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎవరో పలకరిస్తే నమస్కారం పెట్టడానికి ఆ చెయ్యి వదిలాను. నమస్కారం పెట్టి చెయ్యి కిందికి దించేసరికి వాడు లేడు. వంటలు చేసే పెరటివైపు, మూత లేని నీళ్ల సంప్ అంచున కూర్చుని లోపలికి తొంగిచూస్తుండగా వంటవాళ్లలో ఒకతను రెక్క పట్టుకుని లాగాడు. ఎంతసేపు పట్టింది? నిమిషం కూడా కాదు. ఆ తర్వాత చుట్టాలందరూ మందలించింది ఎవరినో తెలుసా? మా ఆవిణ్ని. “ఏమ్మా, చిన్నపిల్లాణ్ని అలా గాలికి వదిలేస్తే ఎలా?” అని పెద్దమ్మ. ఆవిడ అప్పుడు లోపల పెళ్లికూతురికి పూలజడ వేస్తోంది. చెయ్యి వదిలినవాణ్ని నేను, పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

అందుకే సిన్సినాటి తల్లి సంగతి చదివినప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం వేయలేదు. ఆవిడ వెంట ఇంకా పిల్లలున్నారు. ఆ పిల్లవాడు నీళ్లలోకి దిగుతానని అంటుంటే తల్లి వద్దని చెబుతోందని పక్కనున్నవాళ్లు తర్వాత చెప్పారు. అంటే ఫోన్‌లో మునిగిపోయి పిల్లాణ్ని మర్చిపోయిన మనిషి కాదు. ఇంకో పిల్ల వైపు తిరిగిన ఆ కాస్తలో వీడు కంచె ఎక్కేశాడు.

ఆ ప్రాంతపు ప్రాసిక్యూటర్ జోసెఫ్ డీటర్స్, జూన్ 6న తల్లి మీద కేసు పెట్టడం లేదని ప్రకటించారు. ఒహాయో చట్టంలో పిల్లల్ని ప్రమాదంలోకి నెట్టడం నేరమే. కానీ ఆ నేరం నిలబడాలంటే ఏమరుపాటు ఒక్కటే చాలదు. ప్రమాదం ఉందని తెలిసీ లెక్కచేయని తెగింపు ఉండాలి. పిల్లల్ని గాలికొదిలేసి బాత్‌రూమ్‌లో మత్తుమందు పీలుస్తూ కూర్చుంటే ఆ సంగతి వేరు, ఈవిడ పిల్లల్ని చూసుకుంటూనే ఉంది, మూడేళ్ల పిల్లలు రెప్పపాటులో మాయమవుతారు అన్నది ఆయన చెప్పిన దాని సారాంశం.

ఇది తల్లి మీద జాలితో చెప్పిన మాటేనా, చట్టంలో నిజంగా గీత ఉందా అని అనుమానం రావచ్చు. గీత ఉంది. అదే ఒహాయోలో, దాదాపు ఏడాది ముందు, 2015 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్ జూలో ఒక తల్లి తన రెండేళ్ల బాబుని రెయిలింగ్ పైకెత్తి చీతాల వైపు చూపిస్తుండగా వాడు జారి లోపల పడ్డాడు. తల్లీతండ్రీ ఇద్దరూ దూకి వాణ్ని తెచ్చుకున్నారు. చీతాలు దగ్గరకే రాలేదు. ఆ తల్లి మీద మాత్రం పిల్లవాణ్ని ప్రమాదంలో పెట్టినందుకు కేసు పెట్టారు. చివరికి అంతకంటే చిన్న నేరం కింద ప్రొబేషన్‌తో ముగిసింది. ఒకే రాష్ట్రం, ఒకే చట్టం. ఒకచోట పిల్లవాడు చెయ్యి జారి పరిగెత్తాడు, ఇంకోచోట పెద్దవాళ్లే వాణ్ని అడ్డు మీదికి ఎత్తారు. తేడా అదే.

2021 మార్చిలో శాన్ డియాగో జూలో జరిగింది ఇంకా విడ్డూరం. ఒక తండ్రి తన రెండేళ్ల కూతుర్ని ఎత్తుకుని, అడ్డంగా ఉన్న కంచెలు దాటి ఏనుగుల ఆవరణలోకి వెళ్లాడు, ఫొటో కోసమట. ఏనుగు మీదికొచ్చింది. పరిగెత్తే కంగారులో పాప చేతిలోంచి జారి కింద పడింది, మళ్లీ ఎత్తుకుని కంచె బయటికి తప్పించుకున్నాడు. పోలీసులు అరెస్టు చేశారు. ఇక్కడ “తండ్రి ఏం చేస్తున్నాడు” అన్న ప్రశ్నకి జవాబు వీడియోలోనే ఉంది. అయినా ఆయన మీద 5 లక్షల సంతకాల పిటిషన్ ఏదీ రాలేదు.

నాకు ఇంకా కలవరం కలిగించేది 2012 నవంబరులో పిట్స్‌బర్గ్‌లో జరిగినది. అక్కడ ఒక తల్లి, సరిగ్గా కనబడటం లేదని తన రెండేళ్ల బాబుని రెయిలింగ్ మీదికి ఎత్తింది. వాడు జారి ఆఫ్రికా అడవి కుక్కల మధ్యలో పడ్డాడు. కుక్కలు చంపేశాయి. క్లీవ్‌లాండ్ తల్లి చేసిందీ ఇదే. కానీ పిట్స్‌బర్గ్‌లో ప్రాసిక్యూటర్ కేసు పెట్టలేదు. అంతకుమించిన శిక్ష ఇంకేముంటుందని కాబోలు, లోకం కూడా ఆవిడ మీద అంతగా ఎగబడలేదు. ఆ కుటుంబం జూ మీద దావా వేస్తే 2014లో రాజీ అయింది. జూలని తనిఖీ చేసే అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ జూకి జరిమానా వేసింది. ఎంతో తెలుసా? 4,550 డాలర్లు.

ఈ నాలుగూ వరసగా పెట్టి చూడండి. తల్లిదండ్రుల తప్పు అన్నిటికంటే తక్కువగా ఉన్నది సిన్సినాటిలో. తిట్లు అన్నిటికంటే ఎక్కువ పడ్డదీ అక్కడే. ఎందుకంటే అక్కడ బిడ్డ బతికింది, జంతువు చచ్చిపోయింది. బిడ్డ పోతే తల్లి మీద జాలి. బిడ్డ దక్కి జంతువు పోతే తల్లి మీద కోపం. మనం తప్పుని కొలుస్తున్నామనుకుంటూ నష్టాన్ని కొలుస్తున్నాం. నెలకి ఒక్కసారైనా చెయ్యి వదలని తల్లి, తండ్రి భూమ్మీద లేరు. మిగతావాళ్ల దగ్గర సంప్‌కి మూత ఉంది కాబట్టి వాళ్ల పేర్లు పేపర్‌కి ఎక్కలేదు.

కనబడని కంచె

ఇప్పుడు 38 ఏళ్ల లెక్కకి వద్దాం. నా దృష్టిలో అసలు సంగతి ఇది, దీని గురించే తక్కువ మాట్లాడారు.

పాతకాలపు జూల్లో ఇనుప కటకటాలుండేవి. జంతువుకి నరకం, చూసేవాడికి జైలు చూసినట్టు ఉండేది. 1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ తన జూలో కటకటాలు తీసేసి కందకాలు తవ్వించాడు. జంతువు దూకలేనంత వెడల్పు, దూరం నుంచి చూస్తే కందకం కంటికి ఆనదు. సింహానికీ మనకీ మధ్య ఏమీ లేదన్న భ్రమ. ప్రపంచం మొత్తం ఈ పద్ధతిని అందుకుంది. మన హైదరాబాద్ జూలో సింహాల్నీ పులుల్నీ కందకం ఇవతల నుంచి చూసినవాళ్లందరికీ ఈ భ్రమ తెలిసిందే. జంతువుకి ఇది కచ్చితంగా మేలే, కాలు చాపుకోవడానికి చోటు దొరికింది.

కానీ ఒకసారి మూడేళ్ల పిల్లవాడి కళ్లతో చూడండి. ఎదురుగా పచ్చటి పొదలు, అవతల నీళ్లు, నీళ్ల అవతల బొమ్మల పుస్తకంలోని గొరిల్లా. అడ్డు కనబడకుండా చేయడానికి నిపుణులు అంత కష్టపడితే, అడ్డు లేదని నమ్మింది వాడొక్కడే. పెద్దవాళ్లకి అది భ్రమ అని తెలుసు, టికెట్ కొన్నదే ఆ భ్రమ కోసం. పిల్లవాడికి ఆ ఒప్పందం తెలియదు. దగ్గరితనం అమ్ముకునే చోట, దగ్గరికి వెళ్లినవాడిదే తప్పు అనడంలో ఏదో లోటు ఉంది.

కందకం జంతువు బయటికి రాకుండా కట్టింది. మనిషి లోపలికి పోకుండా కట్టింది ఆ 3 అడుగుల కంచె, ఆ పొదలు. జంతువు వైపు లెక్కలు ఇంజినీర్లు వేస్తారు. మనిషి వైపు మాత్రం బుద్ధిగా ఉంటాడులే అన్న నమ్మకం మీద వదిలేస్తారు. జంతువు వైపు లెక్క తప్పిన చోట్లూ ఉన్నాయి. 2007 క్రిస్మస్ రోజున శాన్‌ఫ్రాన్సిస్కో జూలో టటియానా అనే ఆడపులి కందకం గోడ ఎక్కి బయటికొచ్చి ఒకరిని చంపింది, ఇద్దరిని గాయపరిచింది. తర్వాత టేపు పెట్టి కొలిస్తే గోడ ఎత్తు పన్నెండున్నర అడుగులు. జూల సంఘం సూచించిన ఎత్తు 16 అడుగుల పైచిలుకు.

సిన్సినాటి జూ చెప్పుకున్నది ఏమిటంటే, 38 ఏళ్లలో ఒక్కరు కూడా ఆ కంచె దాటలేదు, తనిఖీల్లో ఎప్పుడూ తప్పుపట్టలేదు అని. నిజమే. కానీ 1986లో జెర్సీ, 1996లో బ్రూక్‌ఫీల్డ్, అక్కడా గొరిల్లాలే, అక్కడా చిన్నపిల్లలే, ప్రపంచమంతా చూసిన వార్తలు. 2012లో పక్క రాష్ట్రంలో పిట్స్‌బర్గ్. 2015లో సొంత రాష్ట్రంలోనే క్లీవ్‌లాండ్. పిల్లలు ఇలా పడతారని జూ నడిపేవాళ్లకి తెలియకపోవడమన్నది కుదరని మాట. తల్లికి ఆ కంచె ఎంత గట్టిదో తెలిసే వీల్లేదు. తెలుసుకోవాల్సిన పని జీతం తీసుకునేవాళ్లది.

సంఘటన జరిగిన పది రోజులకి, జూన్ 7న గొరిల్లాల ఎన్‌క్లోజర్‌ని మళ్లీ తెరిచారు. కొత్త కంచె ఎత్తు 42 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులు. పెరిగింది అరడుగే. అసలు మార్పు సందుల్లో ఉంది. పైనా కిందా గట్టి చెక్క దూలాలు, వాటి మధ్య ముడులు వేసిన తాళ్ల వల, చిన్న పిల్లలు దూరే సందు లేకుండా. దానికి తోడు మూడు నిఘా కెమెరాలు. తాళ్ల వల కట్టడానికి రాకెట్ సైన్సు అక్కర్లేదు, పది రోజులు చాలాయి. అదే ఏడాది నవంబరులో వ్యవసాయ శాఖ తనిఖీ నివేదిక బయటికొచ్చింది. ప్రమాద సమయంలో జూ బృందం పద్ధతి ప్రకారమే నడుచుకుందనీ, పాత కంచె మాత్రం ప్రమాణాలకు తగ్గట్టు లేదనీ అందులో తేలింది. అప్పటికి జనం హరాంబే మీద జోకులు వేసుకోవడంలో తీరిక లేకుండా ఉన్నారు. తల్లిని తిట్టినవాళ్లలో ఎంతమంది ఆ వార్త చదివి ఉంటారు?

ఇక్కడ చిన్న విశేషం ఉంది. అమెరికాలో ఈ కంచె గురించి చెప్పే నిబంధన ఉన్నది జంతు సంక్షేమ చట్టం కింద. జంతువుని ప్రదర్శనకి పెట్టినప్పుడు, దానికీ జనానికీ హాని జరగకుండా తగినంత దూరం గానీ అడ్డు గానీ ఉండాలంటుంది. దానికీ, జనానికీ. మనం కంచెని జంతువు నుంచి మనిషిని కాపాడేదిగా చూస్తాం. మనిషి లోపలికి పడ్డ మరుక్షణం చావు వాకిట్లో నిలబడేది జంతువు కూడా. హరాంబే సంఘటనకి సరిగ్గా వారం ముందు, మే 21న చిలీ రాజధాని శాంటియాగోలోని జూలో ఒక యువకుడు తనంతట తాను సింహాల ఎన్‌క్లోజర్‌లోకి దిగాడు. అతణ్ని కాపాడటానికి రెండు సింహాల్ని కాల్చేశారు. వాటికి ఆ కంచె ఎంత అవసరమో కదా.

మన దగ్గర

మన జూల్లో లోపలికి దిగి వార్తల్లోకెక్కినవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లే. 2014 సెప్టెంబరులో ఢిల్లీ జూలో విజయ్ అనే తెల్లపులి ఉన్న కందకంలో ఒక యువకుడు పడ్డాడు. పులి కొన్ని నిమిషాలు అతని ఎదురుగా నిలబడి చూస్తూ ఉండిపోయింది. పైనున్నవాళ్లు అరిచారు, దాన్ని తరమాలని రాళ్లు విసిరారు. ఆ తర్వాత అది మెడ పట్టుకుని ఈడ్చుకుపోయింది. 2016లో హైదరాబాద్ జూలో తాగిన మత్తులో ఒకతను సింహాలకి షేక్‌హ్యాండ్ ఇస్తానని దూకాడు. కీపర్ చాకచక్యంతో బతికి బయటపడ్డాడు. 2021 నవంబరులో అదే జూలో ఇంకొకతను ఆఫ్రికా సింహం పైన బండరాళ్ల మీద కూర్చుని దాన్ని ఊరించాడు. వెనక నుంచి వచ్చి సిబ్బంది లాగేశారు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఉన్న ఎన్‌క్లోజర్‌లోకి దూకినవాడికి ఆ అదృష్టం లేదు. ఈ నాలుగుసార్లూ జంతువుల్ని కాల్చలేదు, నాకు ఊరటనిచ్చిన సంగతి అదొక్కటే.

మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 38-జె అనే సెక్షన్ ఉంది. జూలో జంతువుని ఏడిపించినా, గాయపరిచినా, తిండి పెట్టినా, చప్పుడు చేసి చికాకుపెట్టినా, చెత్త వేసినా నేరం. ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇది ఎంతమందికి తెలుసు? అద్దం మీద తట్టని మనిషి, కోతికి పల్లీలు వేయని మనిషి, “ఏయ్, లెయ్ లెయ్” అని పడుకున్న పులిని అదిలించని మనిషి మన జూల్లో ఆదివారం పూట దొరకడం కష్టం. ఈ అద్దం తట్టడాన్ని పిల్లలకి నేర్పేది ఎవరు? నాన్నే ముందు తడతాడు, తర్వాత పిల్లాడు తడతాడు. పిల్లాణ్ని రెయిలింగ్ మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో సెల్ఫీ. పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్ రెండూ ఆ ఒక్క ఫొటోలో ఉన్నాయి.

అందుకే తల్లిదండ్రుల బాధ్యత అనగానే మనం తప్పు చోట వెతుకుతామనిపిస్తుంది. పిల్లవాడు చెయ్యి విడిపించుకుని పరిగెత్తే ఆ మూడు సెకన్లలో బాధ్యత వెతుకుతాం. అది ఏ తల్లికీ పూర్తిగా చేతిలో లేనిది. చేతిలో ఉన్నవి వేరే. పిల్లల్ని అడ్డు మీదికి ఎత్తకపోవడం, భుజాన ఎక్కించుకున్నప్పుడు కందకం అంచు దాకా వెళ్లకపోవడం, నలుగురు పిల్లలకి ఒక్క పెద్దమనిషి తోడు వెళ్లాల్సి వస్తే ఇంకొకర్ని రమ్మనడం, లోపల ఉన్నది బొమ్మ కాదని ఇంటి దగ్గరే చెప్పడం. ఇంకోటి, ఎవరైనా పడితే అరవకపోవడం. వినడానికి తేలిక, ఆ క్షణంలో ఎంత కష్టమో ఊహించుకోగలను. కానీ సిన్సినాటి అరుపులైనా, ఢిల్లీ రాళ్లయినా లోపల పడ్డవాళ్లకి చేసింది కీడే. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ కేసు పెట్టమని అడగని పాత్రధారి ఒకరున్నారంటే అది జనమే. వీడియో తీసిందీ వాళ్లే, అరిచిందీ వాళ్లే, తర్వాత పిటిషన్ మీద సంతకం పెట్టిందీ వాళ్లలాంటివాళ్లే.

బోరుబావుల విషయంలో మనకి ఈ లెక్క కాస్త తేలిగ్గా అర్థమైంది. పిల్లలు పడ్డప్పుడు మొదటి రోజు టీవీల్లో తల్లి ఏడుపు, రెండో రోజు తల్లి నిర్లక్ష్యం అంటూ గుసగుసలు. అయినా 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది బోరు వేసేవాళ్లకీ, స్థలం యజమానులకీ, అధికారులకీ. చుట్టూ కంచె వేయండి, హెచ్చరిక బోర్డు పెట్టండి, వాడని బోరుని మట్టితో పూడ్చండి అని. తల్లులారా జాగ్రత్త అని కోర్టు చెప్పి ఊరుకోలేదు. తల్లులు జాగ్రత్తగానే ఉంటారు, ఉన్నా పిల్లలు పడతారు అన్నది ఆ మార్గదర్శకాల వెనక ఉన్న ఇంగితం.

ఫంక్షన్ హాల్ సంగతి సగంలో వదిలేశాను. మా పెద్దమ్మ మా ఆవిణ్ని మందలించడం అయ్యాక, నేను పెరట్లోకి వెళ్లి ఆ సంప్ చూసొచ్చాను. దాని సిమెంటు పలక నాలుగడుగుల దూరంలో గోడకి ఆనించి ఉంది. పొద్దున వంటకి నీళ్లు తోడుకోవడానికి తీశారట. ఇద్దరు మనుషులు ఎత్తి మూసేశారు, అర నిమిషం పట్టింది.